ఆదివారం బావలు

“నేను లోపలికి రాను,” అన్నాడు సీతాపతి.

ఎదురుగా అన్నమ్మాళ్ సాపాటు ఇల్లు. పన్నెండు గంటలకు కొట్టే చర్చి గంట అప్పుడే ఆగింది. లోపలినుంచి వేటమాంసం పులుసు వాసన వీధి మలుపుదాకా వచ్చి మనుషుల్ని పిలుచుకుపోతోంది.

“వాకిలి దాకా వచ్చి ఎనక్కి తిరిగితే సంఘంలో పేరు కొట్టేస్తాం. ఈ కట్టు పెట్టింది నువ్వే గదా,” అన్నాడు మునుస్వామి.

నిజమే. బజారులో అంగళ్లున్న ఏడుగురు స్నేహితుల సంఘం అది. నెలకో ఆదివారం పుదుచ్చేరిలో ఒక కొత్త పూటకూటింట్లో భోజనం. ఎవరి వంతు వస్తే వాళ్లు చోటు ఎంచుతారు, గడప ముందుకు వచ్చేదాకా ఎక్కడో చెప్పరు. లోపల కూర్చున్నాక ఒకరి పేరు ఒకరు పలకరు. అందరికీ అందరూ ‘బావే’. గోడలకు చెవులుంటాయని ఆ జాగ్రత్త. ఇన్నాళ్లూ తిన్నది ఇడ్లీలూ పొంగలీ, మహా అయితే వెల్లుల్లి వేసిన పులుసు. మునుస్వామి వంతు వచ్చేసరికి కథ వేటమాంసం దాకా వచ్చింది.

“మా మామకు తెలిస్తే?”

“మీ మామ ఈ వీధి గాలి గూడా పీల్చడు. పద.”

అదీ నిజమే. సీతాపతి మామ రంగరాజన్ శెట్టి కులానికి పెద్ద. పెద్దల్లుడు దొరల రొట్టెలంగడిలో రొట్టె తిన్నాడని, ఆ పిండిని కల్లుతో పులియబెడతారని, పెద్దకూతురు అలివేలుమంగను పుట్టింటికి తెచ్చి కూర్చోబెట్టాడు. రెండేళ్లయింది. ఆమె ఇంకా వీధి గుమ్మం వంకే చూస్తూ ఉంది. రొట్టెకే ఇంత శిక్ష అయితే మాంసానికి ఎంతో! భార్య విశాలాక్షి లేని ఇల్లు తలుచుకుని సీతాపతి ఒక అడుగు వెనక్కి వేశాడు.

కానీ నాలుక మామకు భయపడదు కదా. సీతాపతి చెప్పులు విప్పాడు. ఇత్తడి మేకులు కొట్టిన కిర్రు చెప్పులు, దీపావళికి మామే కుట్టించి ఇచ్చినవి. వాకిట్లో ఉన్న చెప్పుల కుప్ప కిందికి వాటిని కాలితో తోసి, తల వంచుకుని లోపలికి నడిచాడు.

గదిని రెండుగా చీలుస్తూ ఒక తడిక. అవతల ఇంకెవరో తింటున్నారు. సీతాపతి వాకిలి కనిపించేటట్టు కూర్చున్నాడు. వీధిలో ఏ నీడ కదిలినా సగం లేచి, మళ్లీ కూలబడుతున్నాడు.

“కుదురుగా కూచో బావా. తేలు కుట్టినట్టు ఆ ఎగిరిపాటు ఏంది?” అని కసిరాడు మునుస్వామి.

అన్నమ్మాళ్ ఆకులో పులుసు పోసి నాలుగు ముక్కలు వేసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే సీతాపతికి కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ముప్పయ్యేళ్లు వృథాగా గడిచిపోయాయని బాధ కూడా కలిగింది. రెండో ముక్కకు చెయ్యి చాచాడు.

“హుఁ. హుఁ. హూఁ...”

గొంతు సవరింపు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. బజారు మొత్తం ఎరిగిన చప్పుడది. ఏ ఇంటి గడప తొక్కాలన్నా రంగరాజన్ శెట్టి ముందుగా పంపేది దాన్నే.

వాకిట్లో మామ! సీతాపతి అటు చూడను కూడా చూడకుండా ఆకు వదిలేసి పెరటి దారి పట్టాడు.

మునుస్వామి కంగారులో కట్టు మరిచిపోయాడు. “ఒరే సీతాపతీ, యాడికిరా?” అని ఇల్లెగిరిపోయేటట్టు అరిచాడు.

వెనక, తడిక అవతల చెంబు దొర్లిన చప్పుడు, ఎవరో పరుగెత్తిన చప్పుడు వినిపించాయి. మామ తనకోసమే వెతుకుతున్నాడనుకుని సీతాపతి చెయ్యయినా కడుక్కోకుండా గోడ దూకాడు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఇసుక పెనంలా కాలుతోంది. సగం దూరం పోయాకగాని చెప్పులు గుర్తుకు రాలేదు. వెనక్కి పోతే చేజేతులా దొరికిపోయినట్టే. పోకపోతే ఆ ఇత్తడి మేకులే సాక్ష్యం చెబుతాయి.

ఇల్లు చేరి, నోరు మూడుసార్లు పుక్కిలించి, గుప్పెడు యాలకులు నమిలాడు. అరుగు మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. విశాలాక్షి వచ్చి “ఒంట్లో బాగలేదా?” అంటే “లేదు, ఉంది” అని ఏదో అన్నాడు. ఆమె లోపలికి పోతుంటే, మళ్లీ చూస్తానో లేదో అన్నట్టు చూశాడు.

అంతలో మనిషి తోసే పుస్‌పుస్ బండి ఒకటి వాకిట్లో ఆగింది. మామ దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముఖం చూస్తే ఉరిశిక్ష వేయబోయే జడ్జి ముఖమే. మొదట చూసింది అల్లుడి కాళ్లనే.

“బొబ్బలెక్కినాయే. చెప్పులు యాడ అల్లుడూ?”

“పెరుమాళ్ గుళ్లో పోయినాయి మామా.”

మామ పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

“పోతే పోనీలే,” అన్నాడు చివరికి రంగరాజన్ శెట్టి. “రేపు పొద్దన్నే నువ్వు బోయి అలివేలును దాని మొగుడింట్లో దిగబెట్టి రా. రొట్టెముక్క తిన్న పాపానికి రెండేండ్లు చాలు.”

సీతాపతికి తన చెవుల మీద నమ్మకం పోయింది. తల మాత్రం ఊపాడు.

విశాలాక్షి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి, తండ్రి ముందు వంగి, ఆగిపోయింది.

“ఇదేంది నాయనా, ఒట్టి కాళ్లతో వచ్చుండావు? నీ చెప్పులు ఏమైనాయి?”

మామ గొంతు సవరించుకున్నాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

“మీ ఆయనవి పోయిన గుళ్లోనే.”