ప్రొబేషన్ కడియం

కాలిన మణికట్టుకు పొద్దున్నే కొబ్బరినూనె రాయాలి. కొరకడానికి గుడ్డ జేబులో పెట్టుకోవాలి. కడియం తొడుక్కోవాలి.

మా ఎంబీఏ కాలేజీలో మార్కులు తగ్గినవాళ్లకు ప్రొబేషన్ అంటే కడియమే. జవాబు తప్పితే కరెంటు కొడుతుంది, ప్రతిసారీ ఇంకా గట్టిగా.

ఆ రోజు అప్పటికే నాకూ, పక్కనున్న ఓదెలుకూ చెరో రెండుసార్లు కొట్టింది. నా ముక్కులోంచి రక్తం కారుతోంది. క్లాసులో ప్రశ్నలడిగే మిషన్ మళ్లీ నన్నే అడిగింది. మూడోది నేను తట్టుకోలేను. ఓదెలు చెయ్యెత్తాడు. చెయ్యెత్తినవాడికే ప్రశ్న వెళ్తుంది.

"నీకొస్తదారా?"

"ఏడొస్తది! ముందు నీ ముక్కు తుడుసుకో."

తప్పు చెప్పాడు. బెంచీ మీంచి ఎగిరిపడ్డాడు. కాళ్లు కొట్టుకుని ఆగిపోయాయి. మిషన్ తరువాతి ప్రశ్న అడిగింది.

కాలేజీవాళ్లు అతను చదువు మానేశాడన్నారు. నేను పాసయ్యాను, మా ఇంట్లో మొదటి పీజీ. ఎంబీఏలో చేరబోయే తమ్ముళ్లారా, ఓదెలును గుర్తుంచుకోండి.