రాగి బందులు

"పాతదైతే రేపే వేలానికి పంపిస్తాను. కాకపోతే బీరువా నీది. మాట మార్చకు," అన్నాడు సదాశివం.

"మార్చేది ఎప్పుడూ మీరేగా," అంది రాజ్యం.

ఆమె దేవుళ్లు కిచెన్‌లో మైక్రోవేవ్ పక్కన ఉంటున్నారు. వాళ్లని ఈ ఓక్ బీరువాలోకి మార్చాలని ఆమె పట్టు.

2014 ఏప్రిల్. మాంచెస్టర్‌లో వాళ్లింటి హాలు. ఆండ్రూ బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుంటూరువాడు. పాత ఫర్నిచర్ వయసు తేల్చడం ఒక వేలం సంస్థలో అతని ఉద్యోగం. అతను ఏం చెబితే అదేనని మొగుడూ పెళ్లాలు ముందే ఒప్పుకున్నారు.

సదాశివానికి ఏ అనుమానమూ లేదు. టార్చి వేసి తనే చూపించాడు.

"ఈ మెరిసే చారలు చూశావా? దుంగని ముందు నాలుగ్గా చీల్చి, తర్వాత పలకలు కోస్తేనే వస్తాయి. అడ్డపలక కొస పక్కపలకని తొలుచుకుని ఇవతలికొచ్చింది. మేకు లేదు, చెక్క చీల. ఈ రంగు పూత కాదు, అమ్మోనియా ఆవిరి పట్టించారు. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలం, బాబూ. 1905కి అటూ ఇటూ."

"టీవీలో పాత సామాన్ల ప్రోగ్రాములు చూసి మనిషి పాడైపోయాడు," అంది రాజ్యం.

"చెక్క వరకూ అంకుల్ చెప్పింది కరెక్టే ఆంటీ." ఆండ్రూ తలుపు బందు మీద వేలు పెట్టాడు. "ఈ రాగి బందులే తేడాగా ఉన్నాయి. వందేళ్ల రాగి నల్లబడాలి. ఇవి తళతళలాడుతున్నాయి. బందులు కొత్తవైతే మిగతాదీ ఎవరూ నమ్మరు."

"కొన్నప్పుడు నల్లగానే ఉన్నాయయ్యా."

"మరి ఆ నలుపేమైంది?"

రాజ్యం కాఫీ కప్పులు బల్ల మీద పెట్టింది.

"పొద్దున మీరు ఇతన్ని తీసుకురావడానికి స్టేషన్‌కెళ్లినప్పుడు చింతపండు పెట్టి తోమాను. ఇంటికి మనిషొస్తుంటే మసి బందులు చూపించమంటారా?"

ఆండ్రూ స్క్రూలు తీసి ఒక బందు వెనక్కి తిప్పాడు. వెనకంతా నలుపు.

"పాతదే అంకుల్. మీరే గెలిచారు."

"విన్నావా?" అన్నాడు సదాశివం భార్యతో. "ఆండ్రూ, రేపు వ్యాన్ పంపించు."

"ఇప్పుడొద్దంకుల్. కొనేవాళ్లకి ఆ నలుపే కావాలి. ఇలా తోమినదాన్ని నేను వేలంలో పెట్టలేను."

"మళ్లీ నల్లబడదా?"

"ఎందుకు పడదు? కొన్నేళ్లు చెయ్యి పెట్టకుండా వదిలేస్తే రాగి దానంతటదే నల్లబడుతుంది. అప్పుడు ఫోన్ చెయ్యండి, నేనే వచ్చి తీసుకెళ్తాను."

సదాశివం తేలికపడి కాఫీ అందుకున్నాడు. "కొన్నేళ్లేగా, ఆగుతాను. అందాకా నీ దేవుళ్లని పెట్టుకో రాజ్యం. ఖాళీ చెయ్యాల్సొస్తుందని వాళ్లకి ముందే చెప్పు."

"చెబుతాను," అంది రాజ్యం, అతని కప్పులో చక్కెర వేసి కలుపుతూ. "కానీ దేవుళ్లున్న బీరువాకి శుక్రవారం శుక్రవారం బందులు తోమకుండా ఎలా ఉంటానండీ?"