గొంతు రాని మూడు రోజులు

బొబ్బిలిలో భీమశంకరరావుది స్టీలు సామాన్ల కొట్టు. బేరాలు జోరుగా ఉన్న వేళ కౌంటరు మీద అతని ఫోను టింగుమంది. చూసుకోకుండా వేలు నొక్కాడు.

"హైస్కూలు పిల్లల అమ్మలకీ అయ్యలకీ దండాలండి." ఓ ముతక గొంతు కొట్టంతా పరుచుకుంది. "ఇరవై మూడో తారీకు ఆకరి బడి. పొద్దున్న తొమ్మిదికి మార్కుల కార్డులిస్తారంట. తల్లో తండ్రో ఎల్లాల. ఎండ మెండుగా ఉన్నాది, తలకేటైనా సుట్టుకోండి. తొందరేం నేదు, పన్నెండు దాకా ఇస్తారు."

గిన్నెలు బేరమాడుతున్న ఆడవాళ్లు నవ్వారు.

భీమశంకరరావు ముఖం మాడిపోయింది.

అది హైస్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు. దానికి పెత్తనం అతనిదే. బడి ఆఫీసు ఇంగ్లీషులో నోటీసు పెడుతుంది. గంటకో రెండు గంటలకో, పేరు లేని ఒక నెంబరు నుంచి ఈ గొంతు దిగబడుతుంది. అదే నోటీసు, పల్లె మాటల్లో.

కొట్లో బ్యాంకు ఉద్యోగి హైమ కూడా ఉంది. ఆమె కూతురిదీ అదే బడి.

"ఏటండీ ఈ రేడియో? మనకి చదువు రాదనుకుంటున్నాడా?"

"ఈ రోజుతో నోరు మూయించేస్తానమ్మా."

అక్కడికక్కడే ఆ నెంబరుకి ఫోన్ చేశాడు. అందరూ వినాలని స్పీకరు పెట్టాడు.

"ఎవడివోయ్ నువ్వు? ఎవడి తండ్రివి?"

"గోపి అయ్యనండి. గొంతు ఇని ఇసుగొచ్చిందేమో, ఏటీ అనుకోకండి."

"ఏ క్లాసు నీ గోపి?"



"మా వోడు ఇప్పుడు బడికి ఎల్లడు బాబూ. ఆరులో ఉన్నప్పుడు నా నెంబరు ఎక్కించేరు. అలాగే ఉండిపోనాది."

"సొంత కొడుకుని చదివించుకోలేనోడివి. ఊళ్లో పిల్లల సంగతి నీకెందుకు?"

"సదవలేనోలు ఉన్నారు కద బాబూ. జీడి ఫేక్టరీలోన, ఇటికల బట్టీలోన..."

"వాళ్ల బాధ వాళ్లు పడతారు. మధ్యలో నీ సన్నాయి ఎవడు అడిగేడు?"

"ఎవులూ అడగనేదండి."

ఆ గొంతులో కోపం లేదు. భీమశంకరరావుకి అది మరీ చిరాకు తెప్పించింది. నెంబరు తీసేశాడు.

గ్రూపులో మెచ్చుకోలు బొటనవేళ్లు బారులు తీరాయి. "ఇప్పుడు డీసెంట్‌గా ఉంది," అని హైమ రాసింది. ఇరవై ఏడు మంది చదువుకున్నవాళ్లు అవునవునన్నారు. వాళ్లలో ఒక్కరూ ఏనాడూ ఒక నోటీసును తెలుగులో చెప్పిన పాపాన పోలేదు.

సోమవారం సాయంత్రం ఇంకో నోటీసు వచ్చింది. వసతి కాలేజీలో ఉచిత సీటు వచ్చినవాళ్ల తల్లిదండ్రులు గురువారంలోగా బడికొచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే సీటు తర్వాతి వాళ్లకి పోతుంది. ఆ బడి నుంచి ఉన్నది ఒకటే పేరు, యమున.

యమున పదో తరగతి పరీక్షలు రాసి అమ్మమ్మ ఊరు వెళ్లింది. ఫోను తల్లి జగ్గమ్మ దగ్గరే ఉంది. జగ్గమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తుంది. ఆమె ఫోనులో నోటీసు తెరుచుకున్నట్టు నీలం గీతలు పడ్డాయి. చదువుకుందనుకుని ఆఫీసు చేతులు దులుపుకుంది.

శుక్రవారం, ఆఖరి బడి రోజున జగ్గమ్మ వచ్చింది. ఫస్టు వచ్చిన పిల్లలకి తన పేరు చెక్కించిన స్టీలు గ్లాసులు పంచడానికి భీమశంకరరావు హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చున్నాడు.

"మా యమున సీటు కబురు ఏటైనా వచ్చిందా అమ్మా?" అంది జగ్గమ్మ గుమ్మంలోంచి.

హెడ్మిస్ట్రెస్ రాజకుమారి ఈ ఏడే బదిలీ మీద వచ్చింది.  వెంటనే కాలేజీకి ఫోన్ చేసింది. రెండుసార్లు బతిమాలింది. ఫోను పెట్టేసి, "పొద్దున్నే వేరే పిల్లకి ఇచ్చేశారట," అంది.

"గ్రూపులో పెట్టేరు కదా. చూసుకోవద్దా?" అన్నాడు భీమశంకరరావు.

"నాకు సదువు రాదు బాబూ. మూడు రోజులయి ఫోను సెవి కాడే ఎట్టుకుని ఉన్నాను. ఆ బాబు గొంతు రానేదు. కబురేటీ నేదనుకున్నాను."

"ఏ బాబు?" అంది రాజకుమారి.

జగ్గమ్మ ఫోనులో పాత కబురొకటి నొక్కింది. హైస్కూలు పిల్లల అమ్మలకీ అయ్యలకీ దండాలండి, అంది ఆ గొంతు.

"ఎవరీయన?"

భీమశంకరరావు గ్లాసులు సర్దుకుంటూ అన్నాడు. "ఎవడో అక్షరమ్ముక్క రాని మనిషండి. మొన్న తీసేశాను."

గుమ్మంలో నిలబడ్డ అటెండరు ఎర్రన్న ఆ గొంతు పోల్చుకున్నాడు.

"అప్పలసూరి కదమ్మా ఆడు. నిజవే, ఆడికి సదువు రాదు. నోటీసు వచ్చినప్పుడల్లా బస్టాండు కాడ మందుల షాపుకి నడిసెల్తాడు. రెండేసిసార్లు సదివించుకుని, బట్టీ పట్టి, అప్పుడు సెప్తాడు."

"అంత అవస్థ దేనికోయ్ వాడికి?" అన్నాడు భీమశంకరరావు.

ఎర్రన్న లోపలికొచ్చాడు. బీరువా తీసి, రెండేళ్ల కిందటి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి, ఒక పేజీ విప్పి అతని ముందు పెట్టాడు.

ఆరో తరగతి గోపి పేరు ఎదురుగా పాత హెడ్మాస్టరు ఎర్ర సిరాతో రాసిన వరుస ఒక్కటే ఉంది: పొలంలో ఉన్న తండ్రి ఫోనుకి పంపిన వాన సెలవు నోటీసు ఆయన చదువుకోలేకపోయినందున, పిల్లవాడు బడికి బయలుదేరి, దారిలో పొంగిన గెడ్డ దాటుతూ కొట్టుకుపోయాడు.