నాలుగుకు మూడు

"నేను ఇంత లావుగా ఉండానా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

కంప్యూటర్లో మరదలి పెళ్ళి ఫొటోలు చూస్తున్నాడు. తెర మీద అతని ముఖం పళ్ళెంలా ఉంది.

"ఉన్నదే కదా ఫొటోలో పడేది," అంది గీతాంజలి, బట్టలు మడతపెడుతూ.

"నీ చెల్లెలూ లావుగానే ఉండాది."

"దాన్ని అనాల్సిన పని లేదు. మీరు అన్నం తగ్గించండి."

"వారం వారం బెల్లం, నెయ్యి దట్టించి ఓళిగలు చేసి పెట్టేది ఎవరు మరి?"

"తినమని నోట్లో కుక్కినానా?"

మాటకు మాట పెరిగింది. కూతురు మహిత గది గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. తల్లి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ పూట మోహన్‌కృష్ణ రెండు ముద్దలు తక్కువే తిన్నాడు.

మర్నాటి నుంచి అతను అదే కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త చీరకు డిజైన్ గీశాడు. నగరిలో అతనికి నాలుగు మరమగ్గాలున్నాయి. ఒకప్పుడు గళ్ళ కాగితం మీద గడి గడీ లెక్కపెట్టి చీర మీది పూల బుటా గీసేవాడు. కంప్యూటర్ వచ్చాక లెక్క మానేశాడు. కంటికి నచ్చితే చాలు, పెన్‌డ్రైవ్‌లో షెడ్డుకు తీసుకుపోయి మగ్గానికి ఎక్కించేయడమే. ఈసారి బొద్దుగా మామిడి పిందెలు గీశాడు. భార్యను పిలిచి చూపించాడు. బాగున్నాయంది.

నేత సాగిన రోజుల్లో అతను ఊళ్ళో లేడు. మహితకు కంప్యూటర్ కోర్సులో సీటు వచ్చింది. ఆ పని మీద తిరుపతిలో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి చీరలు కోసి, మడతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. వెనకాలే ఢిల్లీబాబు వచ్చాడు. పదిహేనేళ్ళుగా వీళ్ళ చీరలు చెన్నై దుకాణాలకు వేసే వ్యాపారి.

ఢిల్లీబాబు ఒక చీర విప్పి వెలుతురులో పట్టుకున్నాడు.

"మామిడి పిందెలు అడిగితే పచ్చిమిరపకాయలు నేసినావే అప్పా."

నిజమే. ఒక్కో పిందె సన్నగా, నిలువుగా ఉంది. అన్ని చీరలూ అంతే. మగ్గాల దగ్గర పనివాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు. ఈ పెళ్ళిళ్ళ సీజన్‌కు పక్కనున్న ఏకాంబరకుప్పంలో ఇంకొకరికి చెప్పుకుంటానని ఢిల్లీబాబు లేచాడు. మోహన్‌కృష్ణ తలవంచుకుని అతన్ని వీధి దాకా సాగనంపాడు.

కంప్యూటర్లు బాగుచేసే సుకుమార్‌ను ఇంటికి పిలిపించాడు. సుకుమార్ చూడగానే పట్టేశాడు.

"తప్పు మగ్గంలో లేదన్నా, తెరలో ఉండాది. ఇది అడ్డం పదహారైతే నిలువు తొమ్మిది ఉండే తెర. బాగా వెడల్పు. దీంట్లో నాలుగుకు మూడు బొమ్మ పెట్టి, పక్కల నల్ల పట్టీలు రాకుండా అడ్డంగా సాగదీసినారు. ఇందులో బొద్దుగా గీస్తే బట్ట మీద సన్నగా వస్తాది."

"ఎవురికేం పని అట్లా సాగదీసేదానికి?"

"ఆట కోసమన్నా. ఇదో, తుపాకుల ఆట. ఇట్లా పెడితే శత్రువు వెడల్పుగా కనపడతాడు, కాల్చేది సులువు. ఆడినాక మళ్ళా మార్చి పెట్టల్ల. పెట్టలేదు." సుకుమార్ ఇంకో చోట నొక్కి చూసి మెచ్చుకున్నాడు. "మూడు నూర్ల గంటలు ఆడినారు. గురి మాత్రం భలే ఉండాదన్నా."

గీతాంజలి మజ్జిగ గ్లాసు తెచ్చింది. దాన్ని సుకుమార్ ముందు పెట్టి గోడ పక్కకు జరిగింది.

ఆట ఖాతా మహిత పేరు మీద ఉంది.

"నువ్వేనా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

"నేను కాదు నాయనా."

"మరి నేనా? షెడ్డులో నుంచి వచ్చి కాల్చేసి పోయినానా?"

మహిత కళ్ళు నిండాయి. "అమ్మా, నువ్వైనా చెప్పు."

"ఆమె ఏం చెప్తాది? నీకు కంప్యూటర్ కొనాలని నా ప్రాణం తీసిందే ఆమె."

గీతాంజలి నోరు తెరిచింది. గుమ్మంలో సుకుమార్ చెప్పులు వేసుకుంటున్నాడు. బయటి మనిషి ముందు ఇంటి గుట్టు ఎందుకని నోరు మూసుకుంది. అతను వెళ్ళిపోయాక కూడా తెరవలేదు.

మర్నాడు పాలకేంద్రం దగ్గర పక్కింటి శకుంతలమ్మ అడిగింది. "మీ పాప ఆటల పిచ్చితో చీరలన్నీ చెడిపోయినాయంట గదా?"

"చిన్నపిల్ల కదా," అంది గీతాంజలి.

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు తన మీద తనకే చీదర పుట్టింది. డిగ్రీ చదివిన మనిషి, వీధిలో పిల్లలకు మంచీ చెడూ చెప్పే మనిషి. పాల క్యాన్ పట్టుకుని పక్క సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చింది. ఎదురుపడిన మహిత పాలు అందుకుని పొయ్యి మీద పెట్టింది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"తిరుపతి చదువు వద్దు," అన్నాడు మోహన్‌కృష్ణ, సంగటి ముద్దలో గుంట చేస్తూ. "రేపే గదా చేరేదానికి ఆఖరు. పోయేది లేదు. ఇంట్లో నా కండ్ల ముందరే ఇట్లా చేసింది, ఆడికి పోయి కంప్యూటర్ చదివితే ఇంకేం చేస్తాదో. ఈడనే ఉండి బి.ఎ. చదవనీ."

మహిత కంచంలో చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. ఏడవలేదు. ఈసారి తల్లి వైపు చూడనూ లేదు.

గీతాంజలి గరిటె కింద పెట్టింది.

"రేపు పాపను నేనే పిలుచుకొని పోయి చేర్పిస్తా," అంది. "ఇంటర్లో చేరినప్పటి నుంచి అది ఆ ఆట ముట్టనే లేదు, మీరు షెడ్డుకు పోయినాక దాని పేరుతో కూర్చొని కాల్చేది నేనేనండి."