అవ్వ వెళ్లిన దారి

గుట్ట కింద ఆడ కొండముచ్చుల జట్టొకటి ఉండేది. కొమ్మకు కట్టిన బుట్టలో వెలక్కాయ వేయడం వాటి ఆట. ఆ ఆట నేర్పింది ముసలి ఎలుగుబంటి. అందరూ అవ్వా అని పిలిచేవారు.

ఆ ఏడు పందెంలో నాయకురాలు గోరింట వేసిన ఆఖరి కాయ గురి తప్పి, జట్టు ఓడిపోయింది. గోరింటకు తల కొట్టేసినట్టయింది. నేరుగా అడవికి పెద్దయిన ఏనుగు దగ్గరికెళ్లి, "అవ్వకు చూపు ఆనడం లేదు. కొత్త గురువును పెట్టండి" అంది. ఏనుగు సరేనంది. ఎలుగుబంటి ఆ రోజే అడవి విడిచి వెళ్లిపోయింది.

పొరుగడవి నుంచి పేరుమోసిన ఆడ దుప్పి గురువుగా వచ్చింది. జట్టు ఆట చూసి మురిసిపోయింది.

"కాయ అందగానే అందించడానికి పక్కదాన్ని చూసుకుంటున్నారే! మా అమ్మకూ ఇలాగే నేర్పిందట అవ్వ. ఎన్ని అడవులు పిలిచినా నేను ఇక్కడికొచ్చింది ఆవిడ దగ్గర నాలుగు మెళకువలు నేర్చుకుందామనే. ఏదీ, అవ్వ ఎక్కడ?"

కొండముచ్చులన్నీ గోరింట వైపు చూశాయి. గోరింట తలెత్తలేకపోయింది.

"నేనే పంపించేశానమ్మా," అంది. "గురి తప్పింది నాది. నింద అవ్వ మీద వేశాను."

దుప్పి దారి వైపు తిరిగి, "ఎటు వెళ్లింది? వెళ్లి పిలుచుకొద్దాం" అంది.

అవ్వ ఎటు వెళ్లిందో గోరింటకే కాదు, ఎవరికీ తెలియదు. అవ్వను సాగనంపడానికి ఒక్కరైనా వెళ్లలేదు.