పొయ్యి పక్కన పేము బుట్ట

వదిన ఇంటిని తగలబెట్టడానికి మరిది ఒక పేము బుట్ట కొన్నాడు.

బుట్ట చూడముచ్చటగా ఉంది. అడుగున పాత పేపర్లు పరిచి, వాటి మీద ఎండు చితుకులు, రంపపు పొట్టులో మైనం కలిపి చేసిన ఉండలు, మైనంలో ముంచిన పైన్ కాయలు వరసగా పేర్చాడు. పిడికి ఎర్ర రిబ్బను కట్టాడు. పెళ్ళాం పుట్టినరోజుక్కూడా అతను ఇంత శ్రద్ధగా ఏదీ సర్దలేదు.

అతనిది చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచే ఇనప కట్టెపొయ్యిలు బిగించే పని. ఊళ్ళో సగం ఇళ్ళ పొయ్యిలూ పొగగొట్టాలూ అతని చేతిమీదుగా నిలబడ్డవే. సొంతంగా షోరూమ్ పెట్టాలని ఇరవై ఏళ్ళ కోరిక. దానికి తగ్గ స్థలం ఊరి మొత్తానికీ ఒక్కటే ఉంది. దాని మీద చనిపోయిన అన్నయ్య కట్టిన చెక్క ఇల్లుంది. ఆ ఇంట్లో వదిన ఉంది. ఇల్లున్నంతకాలం వదిన ఉండొచ్చు కానీ అమ్మకూడదనీ, ఇల్లంటూ లేని రోజున స్థలం తమ్ముడిదనీ అన్నయ్య వీలునామా రాసిపోయాడు. వదిన గుండ్రాయిలా ఉంది. ఇల్లు ఆమెకంటే గట్టిగా ఉంది.

వదినని ఏమైనా చేసే ఉద్దేశం మాత్రం అతనికి లేదు. ఆమె అంటే నిజంగానే అభిమానం. అందుకే ఇల్లు తగలబడే వేళకి ఆమె సినిమాహాల్లో ఉండేలా టికెట్లు కూడా తనే కొన్నాడు.

ఏటా పొయ్యి శుభ్రం చేసే రోజున బుట్ట తీసుకుని వెళ్ళాడు. పొయ్యి రాజేసే సామానంతా ఆ ఇంట్లో ఒక మూతున్న రేకు డబ్బాలో, పొయ్యికి మూడడుగుల అవతల, గోడవారగా ఉంటుంది.

"ఏంటి వదినా ఇది, నట్టింట్లో కిరసనాయిలు డబ్బాలా?"

"మీ అన్నయ్య పెట్టిందే మరిదిగారూ. దగ్గరుంటే ప్రమాదమనేవారు."

"అన్నయ్యకి అన్నీ భయాలే. పక్కనే ఉంటే చేతికందుతాయి, పొడిగా ఉంటాయి, చూడ్డానికీ బాగుంటుంది."

వదిన రిబ్బను నిమిరింది. "ఎంత బాగుందో. ఎంత దూరంలో పెట్టమంటారు?"

"జానెడు చాలు."

"నాకసలే మతిమరుపు. ఆ కార్డు మీద రాసిపెట్టండి."

పొయ్యి వెనక గొట్టానికి తీగతో వేలాడుతుంది కార్డు. అది వదిన పేరనున్న ఇంటి బీమావాళ్ళ షరతు. ఏటా పొయ్యి చూసినవాడు ఏం చూశాడో, ఏం చెప్పాడో దాని మీద రాయాలి. మరిది ఒక్క క్షణం తటపటాయించాడు. కార్డు కాగితమే కదా, బుట్ట తర్వాత మొదట అంటుకునేది అదేనని ధైర్యం తెచ్చుకున్నాడు. "రాజేసే సామాను బుట్టలో వేసి, పొయ్యికి జానెడు దూరంలో పెట్టుకోవచ్చు" అని రాశాడు. కింద అలవాటుకొద్దీ తేదీ, లైసెన్సు నంబరు వేసి సంతకం పెట్టాడు. సంతకం లేని కార్డు ఇన్నేళ్ళలో ఒక్కటీ అతని చెయ్యి దాటలేదు. వెళ్ళేముందు పొయ్యి తలుపు గడియ స్క్రూ రెండు చుట్లు వదులు చేశాడు.

"ఈ మేడమెట్లెక్కలేక మోకాళ్ళు పోతున్నాయి" అంది వదిన టీ ఇస్తూ. "మా చెల్లెలి వీధిలో రెండు గదుల ఇల్లు అమ్మకానికుందట. ఏం లాభం, నాకు కాళ్ళున్నాయి గానీ ఈ ఇంటికి లేవుగా."

మరిది ఆమెని తగినట్టుగా ఓదార్చాడు.

శనివారం మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్ళడానికి వచ్చి, మండుతున్న పొయ్యి నిండా దుంగలు కుక్కాడు. హాలు బోసిగా కనిపించింది.

"కుట్టుమిషనేది వదినా?"

"రిపేరుకిచ్చాను."

"గోడమీద ఫోటోలు?"

"ఫ్రేములు మార్పిద్దామని ఇచ్చాను. పిల్లిని పక్కింటావిడ అడిగి తీసుకెళ్ళింది, వాళ్ళింట్లో ఎలకలట."

మరిదికి మనసు తేలికపడింది. పోనీలే, అన్నయ్య ఫోటో అయినా మిగులుతుంది అనుకున్నాడు.

"మీరు కారు తియ్యండి, నేను తాళం వేసి వస్తా" అంది వదిన.

సినిమాలో ఆమె రెండు పొట్లాల పాప్‌కార్న్ తిని, ప్రతి జోకుకీ నవ్వింది. అది ఏం సినిమానో మరిది ఇప్పటికీ చెప్పలేడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి వీధి నిండా జనం. ఇంటి స్థానంలో తడి బూడిద, దాని మధ్యలో పొయ్యి. పొయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. బిగించింది అతనే మరి. వదిన ప్రహరీగోడ మీద కూలబడి కళ్ళొత్తుకుంది.

అగ్నిమాపక అధికారి బూడిదలోంచి మాడిన పేము ముక్కలు కర్రతో బయటికి లాగాడు.

"పొయ్యి పక్కనే బుట్ట పెట్టారు. ఇది ఇంటివాళ్ళ అజాగ్రత్త కిందికొస్తుందమ్మా. బీమావాళ్ళు పైసా ఇవ్వరు."

మరిది నిట్టూర్చాడు. "నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను సార్, మూడడుగుల దూరంలో పెట్టుకోమని. నా మాట వింటేగా."

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు అధికారి జాలిగా.

వదిన హ్యాండ్‌బ్యాగు తెరిచింది. చేతిరుమాలు తీసింది, చింపిన సినిమా టికెట్టు తీసింది, ఆ తర్వాత మసిపట్టిన కార్డు ఒకటి తీగతో సహా తీసి అధికారి చేతికిచ్చింది.

"మరిదిగారు సంతకం పెట్టి మరీ రాసిచ్చిందే చేశాను సార్. కాగితం కదా, పొయ్యికి అంత దగ్గరుంటే అంటుకుంటుందేమోనని, సినిమాకెళ్ళేముందు తీసి బ్యాగులో వేసుకున్నాను."