ఆదివారం నీళ్లు

బకెట్ పొంగిపొర్లింది.

పొంగక ఏం చేస్తుంది? అద్దాల తొట్టిలోంచి నీళ్లు లాగే గొట్టాన్ని బకెట్‌లో వదిలేసి, టైలరమ్మ గుమ్మంలో ఇంటి ఓనరుతో తగువుకి దిగింది. తగువు కూడా ఆ నీళ్ల గురించే.

"చూశారా? నా కళ్లముందే!" ఓనరు గంతేశాడు. "ఇదంతా కింది వాటాలోకే దిగుతుంది!"

"దిగుతుంది. నేల పగుళ్లు పూడ్పించమని గొంతు చించుకుంటూనే ఉన్నా. ఇల్లు మీది, పగులు మీది, తప్పు మాత్రం నా చేపలదా?"

"చేపలైనా పోవాలి, మీరైనా పోవాలి."

టైలరమ్మ కొంగు బిగించింది.

"కింది వాటాలో ఉన్న మనిషిని తీసుకురండి. కారుతోందని ఆయన నోటితో చెప్పమనండి. ఆ క్షణమే తొట్టితో సహా దిగిపోతా. అద్దెకున్నవాడి కష్టం అద్దెకున్నవాడు చెబితే వింటా. మీరు చెబితే వినను."

కింద ఉన్నదెవరో ఆమె ఎరగదు. ఆ వాటాకి వాకిలి వెనక సందులో ఉంది. ఎవరో కొత్తగా దిగాడనీ, ఏవో షిఫ్టుల పనికి పోతాడనీ విన్నది, అంతే.

"తీసుకొస్తా చూడండి!" ఓనరు మెట్లు దిగాడు.

ఆ ఐదు చేపలూ టైలరమ్మ కొన్నవి కావు.

కుట్టుమిషను పట్టకముందు తను పనిచేసిన మిల్లు మూతపడ్డ రోజున, క్యాంటీన్‌లో ఉన్న తొట్టిని మురుక్కాలవలో గుమ్మరించమన్నాడు మేనేజరు.

"మమ్మల్ని రోడ్డుమీద పారబోసింది చాల్లేదా?" అని వాటిని బకెట్‌లో ఎత్తుకొచ్చేసింది.

లోచ్‌లంటారు వాటిని. నారింజరంగు ఒంటికి నల్లపట్టీలు, మూతికి మీసాలు. తొట్టి అడుగునే వాటి కాపురం. అడుగున కుళ్లు చేరితే ముందు చచ్చేవి అవే. వారం వారం నీళ్లు మార్చాల్సిందే. మానేస్తే చేతులారా చంపినట్టే.

రెండు రోజులకి తలుపు చప్పుడైంది.

ఎవరో మనిషి. నలభై దాటి ఉంటాయి.

"చేపల్ని చూడొచ్చా అక్కా?"

లోపలికి వచ్చి చేపల్ని చూడలేదు. ముందు నేలని చూశాడు. వంగి, పగులు వెంట వేలు నడిపాడు.

ఇంకేం కావాలి? ఓనరు పంపిన మనిషి! టైలరమ్మ నడుమ్మీద చేతులేసుకుంది.

"అయ్యో, అదొకటి పోయినట్టుంది," అన్నాడతను, ఇసుకలో పక్కకి ఒరిగిన చేపని చూపించి.

"పోలేదు, పడుకుంది. వీటి నిద్రే అంత. మొన్న మీ ఓనరు కూడా చచ్చిందనుకుని మురిసిపోయాడు. బతికే ఉందని వెళ్లి చెప్పు."

అతను నవ్వాడు.

"ఒకదాన్ని ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేస్తే? నీళ్ల పని తగ్గుతుంది కదా."

"ఒంటరిగా పెడితే రాళ్ల సందులో దూరి మేత మానేస్తుంది. గుంపు ఉంటేనే వీటికి బతుకు. ఓనరు చంకలో దూరినవాడివి, నీకెలా తెలుస్తుందిలే!"

అతను అద్దానికి చెవి ఆనించాడు. లోపల టక్కు టక్కుమంటోంది.

"ఏంటక్కా అది?"

"తింటున్నాయి. ఆనందమేస్తే అలా..." చెప్పబోయి నాలుక కరుచుకుంది. వీడితో ముచ్చట్లేంటి?

"నీళ్లు ఎప్పుడు మారుస్తారు?"

"ఓహో, ఇప్పుడొచ్చావు అసలు సంగతికి! ఆదివారం పొద్దున్నే మారుస్తా. ఎవడు అడ్డొచ్చినా మారుస్తా. బాగా గుర్తుపెట్టుకుని మీ ఓనరు చెవిలో ఊదు."

"ఆదివారం పొద్దున్నే. సరే అక్కా."

"అక్కా గిక్కా అనకు. తొత్తులతో నాకు చుట్టరికాల్లేవు. దయచెయ్యి!"

అతని వీపు మీదే తలుపు దడాలున వేసింది.

ఆదివారాలు గడిచాయి. తొట్టి కదల్లేదు. ఓనరు సాక్షిని తేలేదు. టైలరమ్మ గొంతు ఇంకా లేచింది.

"సాక్షి దొరకలేదా ఓనరుగారూ? పోనీ, నన్ను వెతికిపెట్టమంటారా?"

ఓనరు పళ్లు నూరుకుంటూ పోయేవాడు.

ఒక పొద్దున కింద గోడలు గీకుతున్న చప్పుడు.

టైలరమ్మ వెనక సందులోకి వెళ్లింది. కింది వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సామాను లేదు. రంగులవాళ్లు గీకుతున్న పైకప్పు మీద చాప పరిచినంత తడి మరక.

"ఇంతలా కారిందా?" ఆమె గొంతు తగ్గింది. రంగులవాళ్ల పక్కన నిలబడ్డ ఓనరు గయ్యిమన్నాడు.

"కారక? కారుతోందని ఒక్క ముక్క చెప్పవయ్యా, పైనావిణ్ణి పంపించేస్తానంటే, నా మొహమ్మీదే చెప్పనన్నాడు! నెత్తిన చుక్క పడుతుంటే చెప్పనన్నాడు! అలాంటివాడు నాకెందుకు? నిన్న వెళ్లగొట్టా."

"ఎక్కడికి?"

"నాకేం తెలుసు? చెప్పి పోలేదు."

"నన్ను కదిలించలేక నోరులేనివాణ్ణి తోసేశావా?"

టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. రంగులవాళ్లు గీకడం ఆపేశారు.

"ఆయన తిరిగి వచ్చేదాకా ఇక్కడ సున్నం చుక్క పడనివ్వను. అన్ని వాటాలవాళ్లనీ పిలుస్తా. తొక్కుకుంటూ పో, చూద్దాం!"

"ముక్కూ మొహం తెలియనివాడి కోసమా ఈ గోల?"

"తెలియక్కర్లేదు. నాలాగే అద్దెకున్నాడు, అది చాలు."

ఓనరు విచిత్రంగా చూశాడు.

"తెలియకపోవడమేంటి? 'పైన అక్కని అడిగే వచ్చా, ఆదివారం పొద్దున్నే మారుస్తుందట, ఆ పూటకి మంచం అవతలికి లాక్కుంటే సరిపోతుంది' అని నాతో అన్నాడే!"